గోదారి నీళ్లకు జమాఖర్చు: మన డెల్టా చరిత్రలో రాయకుండా మిగిలిన పద్దులు

మన సంఘాల్లో ఏ సమావేశమైనా పుస్తకంతోనే మొదలవుతుంది. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరి పొదుపు ఎంత, ఎవరి వాయిదా ఎంత, చేతిలో నిల్వ ఎంత అన్నది రాశాకే మిగతా మాటలు. పది రూపాయలు తేడా వచ్చినా ఆ పూట ఇంటికి కదలం. పుస్తకంలోకి ఎక్కని డబ్బు ఎలా కనపడకుండా పోతుందో మనందరికీ అనుభవమే.

మొన్న వేసవిలో కాలువలు కట్టేశాక ఒక శివారు ఊళ్లో గ్రామ సంఘం సమావేశం జరిగింది. ఆ ఊరి మంచినీళ్ల చెరువు ఆ ఏడు సగమే నిండింది. కాలువ కట్టేసే ముందు నీళ్లు ఊరి దాకా సరిగా అందలేదు. పొదుపులు రాయడం అయ్యాక వెనక కూర్చున్న ఒక మామ్మగారు అడిగారు.

"పది రూపాయల పొదుపు కూడా రాస్తారు గదమ్మా! మరి ఈ చెరువులోకి నీళ్లు ఎన్నొచ్చాయో, ఎన్నయిపోయాయో ఎవరు రాస్తన్నారు?"

పుస్తకాలు రాసే అమ్మాయి నవ్వేసి, "అది మన లెక్క కాదు మామ్మగారూ, ఇరిగేషన్ వాళ్ల లెక్కండి" అంది.

"వాళ్ల లెక్కలో మన బిందె ఉందా మరి?" అన్నారు ఆవిడ.

ఎవరం జవాబు చెప్పలేకపోయాం. ఆ ప్రశ్న పట్టుకునే ఈ ఏటి నివేదికలో ఈ వ్యాసం రాస్తున్నాం. గోదావరి నీటికి లెక్కలు ఎప్పటి నుంచి రాస్తున్నారు, ఎవరి కోసం రాశారు, ఆ లెక్కలో ఎవరి పేరు ఉంది, ఎవరి పేరు లేదు అన్నది మనకు తెలిసినంత వరకు అక్కచెల్లెళ్ల ముందు పెడుతున్నాం.

ఆనకట్టకు ముందు

గోదావరి మహారాష్ట్రలో నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి, 1,465 కిలోమీటర్లు నడిచి మన దగ్గర సముద్రంలో కలుస్తుంది. ధవళేశ్వరం దాటాక గౌతమి, వశిష్ఠ అని రెండు పాయలవుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. తుల్య, ఆత్రేయ, భారద్వాజ, గౌతమి, వృద్ధగౌతమి, కౌశిక, వశిష్ఠ అని ఏడు పాయలను సప్త గోదావరులుగా మన పెద్దలు లెక్కపెట్టారు. ఒక రకంగా మన ప్రాంతపు మొదటి నీటి లెక్క అదే. ఏ పాయ ఎక్కడ సముద్రంలో కలుస్తుందో యాత్ర చేసి మరీ గుర్తుపెట్టుకునేవారు.

ఇంత నీరున్న చోట కరువేమిటని ఇప్పటి పిల్లలు అడుగుతారు. కరువు ఉండేది. వర్షాకాలంలో గట్లు దాటి ముంచిన గోదారి, కార్తీకం వెళ్లేసరికి అడుగున ఇసుకలోకి దిగిపోయేది. పొలం పైన, నీరు కింద. ఎత్తి పోసుకునే దారి లేదు. 1832–33లో నందన నామ సంవత్సరపు కరువు వచ్చింది. 1839లో ఉప్పెన కోరంగి రేవును ముంచేసింది. అప్పటి రాజమండ్రి జిల్లాలో 1821లో 7 లక్షల 38 వేల మంది జనం ఉంటే, 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయారు. ఇరవై ఏళ్లలో నలుగురిలో ఒకరు లేకుండా పోయారన్నమాట. కొందరు చనిపోయారు, కొందరు ఊళ్లు వదిలి వలస పోయారు.

ఇళ్లలో నీటి పొదుపు అప్పుడే గట్టిపడింది. వరద రోజుల్లో ఎర్రటి గోదారి నీళ్లు తెచ్చి, చిల్లగింజ అరగదీసి కలిపి, బురద అడుక్కి దిగాక పైనీళ్లు వంచుకునేవారు. మన పెద్దవాళ్లలో కొందరు ఆ పని చేతులారా చేసినవాళ్లే. తర్వాత పటిక వచ్చింది. తాగడానికి ఒక కుండ, వంటకు ఒకటి, గాబులో నీళ్లు గిన్నెలకు, ఆ కడుగునీళ్లు పశువుల కుడితికి, మిగిలితే ఆనపపాదుకి. ఒకే నీటిని మూడు నాలుగు పనులకు తిప్పడం అన్నది ఆడవాళ్లు ఏ పుస్తకంలోనూ రాయకుండానే నడిపిన జమాఖర్చు.

కాటన్ దొర లెక్క

ఈ పరిస్థితిలో ఆర్థర్ కాటన్ ఇక్కడికి వచ్చారు. అంతకు ముందు తమిళ దేశంలో కావేరి మీద పనిచేశారు. చోళుల నాటి కల్లణై ఇసుక మీద ఎలా నిలబడిందో అక్కడే చూసి నేర్చుకున్నారు. గోదావరికి కూడా అలాంటి ఆనకట్ట కట్టవచ్చని 1844లో ప్రతిపాదించారు. 1847లో పని మొదలైంది, 1852కి పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా, మధ్యలో లంకలను కలుపుకుంటూ, 12 అడుగుల ఎత్తున కట్టారు. పనివాళ్లను కూడగట్టి నడిపించడంలో వీణం వీరన్నగారు ఆయనకు కుడిభుజంగా నిలిచారు. ఈ ఇద్దరి పేర్లూ జనం నోట నిలిచాయి. రాళ్లెత్తి, మట్టి తట్టలు మోసిన వేలమంది పేర్లు నిలవలేదు.

కాటన్ దొర కరువు చూసి చలించిన మాట నిజం. ఊరూరా ఆయన విగ్రహం పెట్టుకున్నది అందుకే. అయితే ఈస్టిండియా కంపెనీని ఒప్పించడానికి ఆయన చూపవలసి వచ్చింది వేరే లెక్క. ఆనకట్టకు ఇంత ఖర్చవుతుంది, ఇన్ని ఎకరాలు తడుస్తాయి, ఇంత శిస్తు పెరుగుతుంది. ఖర్చు ఒక వైపు, శిస్తు ఒక వైపు. కంపెనీ చూసింది ఆ రెండు వరసలే. 1865లో మద్రాసు ప్రభుత్వం నీటి పన్నుకు ప్రత్యేకంగా చట్టమే చేసింది. అప్పటి నుంచి గోదావరి నీటి పుస్తకం ఒక పద్ధతిలో పడింది. రైతు పేరు, సర్వే నంబరు, ఎకరాలు, తీరువా.

ఆ పద్ధతి వల్ల డెల్టా బాగుపడింది, అందులో అనుమానం లేదు. ఆకలి తీరింది. వలస పోయిన ప్రాంతానికే బయటి నుంచి మనుషులు పనికి రావడం మొదలైంది. కాలువల్లో పడవలు తిరిగాయి, లాకుల దగ్గర ఊళ్లు పెరిగాయి. 1850ల్లో గన్నవరం దగ్గర వైనతేయ మీద రాతి కమానుల అక్విడక్టు కట్టి, ఏటి మీదుగా కాలువను దాటించి అవతలి లంకసీమకు నీళ్లిచ్చారు.

ఆ గన్నవరంతో మనకు ఇంకో సంబంధం ఉంది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళ కాని వేళ వచ్చినవారికి కూడా అన్నం పెట్టి పంపేవారు. ఇటీవలి కాలంలో అక్కడ కట్టిన కొత్త అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు. మన డెల్టాలో నీటి కట్టడానికి ఒక స్త్రీ పేరు ఉండడం అరుదు. ఆవిడ వండిన అన్నం వెనక ఎన్ని బిందెల నీళ్లు నడిచి ఉంటాయో, వాటిని ఎవరు తోడారో, ఎవరు మోశారో ఆ నాటి లెక్కల్లో ఎక్కడా ఉండదు. అక్విడక్టు మీదుగా పారే నీటికి మాత్రం అంగుళం అంగుళం కొలత ఉంది.

ఎకరాల పద్దు

పాత ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజీ 1982లో పూర్తయింది. నాలుగు భాగాలకూ కలిపి 175 గేట్లు. దాని కింద తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడూ కలిపి 10 లక్షల ఎకరాల పైచిలుకు ఆయకట్టు. నీటిని టీఎంసీల్లో, క్యూసెక్కుల్లో చెబుతారు. రేడియోలో వింటాం గాని అదెంతో మనలో చాలామందికి తెలియదు. సెకనుకు 28 లీటర్లు పారితే ఒక క్యూసెక్కు, అంటే రెండు బిందెల నీళ్లు. ఒక టీఎంసీ అంటే సుమారు 2,831 కోట్ల లీటర్లు.

మన భాషలో లెక్క వేద్దాం. సార్వా వరికి నాటు నుంచి కోత దాకా వాన, కాలువ కలిపి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు అనుకుంటే, ఎకరానికి 48 లక్షల లీటర్ల పైన పడుతుంది. పది లక్షల ఎకరాలకు సుమారు 170 టీఎంసీలు. ఇదంతా కాలువ నీరే కాదు, వాన భాగం చాలా ఉంది. పారిందంతా పైరు తాగేయదు కూడా. కొంత భూమిలోకి ఇంకి బావుల్లో తేలుతుంది, కొంత మురుగు కాలువలోకి దిగి కింది ఊరికి చేరుతుంది. నీటి లెక్కలో ఇది ముఖ్యమైన సంగతి. నోటు ఒకసారి ఖర్చయితే మన చేతి నుంచి పోయినట్టే. నీరు అలా కాదు, ఒకరు వదిలింది ఇంకొకరికి జమ. పై ఊరు ఏమి కలిపి వదిలిందన్నదే కింది ఊరి కష్టసుఖం.

మరి ఇంత నీటికి వెల ఎంత? 1990ల చివర్లో పెంచిన రేట్ల ప్రకారం నీటి తీరువా సార్వా వరికి ఎకరాకు 200 రూపాయలు, రెండో పంటకు 150, చేపల చెరువుకు 500. అంటే సార్వాలో రూపాయికి 24 వేల లీటర్లు. రైతు ఎక్కువ దోచుకుంటున్నాడని మేము అనడం లేదు. మన ఇళ్లలో మగవాళ్లే ఆ రైతులు, కౌలురైతులు. ధాన్యం ధర చూస్తే వాళ్ల కష్టం మనకు తెలుసు. చెప్పేదల్లా ఒకటే. తీరువా ఎకరం మీద ఉంది, నీటి కొలత మీద లేదు. ఎకరం ఎవరి పేర ఉంటే నీరు కూడా వాళ్ల పేరనే ఉంది.

1997లో రాష్ట్రం నీటి సంఘాల చట్టం తెచ్చింది. పదివేలకు పైగా నీటి సంఘాలు ఏర్పడ్డాయి. కాలువ నిర్వహణ రైతుల చేతికి రావడం మంచి మార్పు. కానీ అందులో ఓటున్న సభ్యులు ఎవరు? రికార్డుల్లో భూమి ఉన్నవారు. మన సభ్యుల్లో పట్టా తమ పేర ఉన్నవారు ఎంతమందో చేతులెత్తమంటే సమావేశంలో నాలుగైదు చేతులే లేస్తాయి. నాట్లు వేసేది, కలుపు తీసేది, ఊడ్చేది, కోసేది ఆడవాళ్లు. కాలువ రేవులో బిందె ముంచేది, బట్టలు ఉతికేది, గేదెను కడిగేది ఆడవాళ్లు. నీటి సంఘం ఓటర్ల జాబితాలో మాత్రం మనం కనపడం.

కాలువ కట్టేసిన నెలలు

దాళ్వా కోతలు అయ్యాక ఏటా వేసవిలో కాలువలు కట్టేస్తారు. మరమ్మతులు, పూడికతీత అప్పుడే. మళ్లీ జూన్‌లో వదిలేదాకా డెల్టా ఊళ్లకు మంచినీళ్ల చెరువులే ఆధారం. బోరు వేస్తే సముద్రం వైపు ఊళ్లలో ఉప్పునీళ్లు పడతాయి. అందుకే కాలువ కట్టేసే ముందు చెరువులు నింపుకోవాలి. ఎగువ ఊళ్లకు ఇది ఇబ్బంది కాదు. శివారుకు వచ్చేసరికి దాళ్వా చివరి తడికీ, చెరువుకీ ఒకే వారంలో పోటీ పడుతుంది. వంతులవారీగా నీళ్లిచ్చే రోజుల్లో వంతు పొలానికి ఉంటుంది. చెరువుకు వంతు ఉందో లేదో ఊరి పెద్దల పలుకుబడిని బట్టి ఉంటుంది.

మనుషులకు కావలసింది ఎంత? 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ ప్రకారం పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలు రెండూ కలిపి సుమారు 91 లక్షల మంది. అందరికీ, మెట్ట ఏజెన్సీతో సహా, ఏడాది పొడుగునా 55 లీటర్ల చొప్పున ఇస్తే మొత్తం 6 టీఎంసీల పైచిలుకు. ఇందాక ఒక్క సార్వాకు వేసుకున్న 170 టీఎంసీల పక్కన పెట్టి చూడండి. ఇరవై ఆరు పాళ్లలో ఒక పాలు. అది కూడా ఏడాది మొత్తానికి.

ఇంకోలా చూస్తే, నలుగురున్న ఇంటికి ఏడాదికి 80 వేల లీటర్లు. ఒక ఎకరం సార్వా వరికి పట్టే నీటితో ఆ ఇల్లు అరవై ఏళ్లు గడుపుకోవచ్చు. ఇంత తక్కువ నీరు వేసవిలో దొరకకపోవడానికి కారణం గోదారిలో లేకపోవడం కాదు. పంట పద్దు ముందు రాసి, ఇంటి పద్దు మిగిలితే చూద్దామని వదిలేయడం.

ఆ వదిలేసిన పద్దు ఖర్చు మన చేతి మీద పడుతోంది. మన ఊళ్లలో 20 లీటర్ల నీళ్ల టిన్ను పది రూపాయలకు తక్కువ దొరకడం లేదు. అంటే రూపాయికి రెండు లీటర్లు. అది శుద్ధి చేసిన నీరే, కాలువ నీటితో పోల్చడం పూర్తిగా సరికాదు. అయినా పక్కన కాలువ పారే ఊళ్లో వారం వారం కట్టే పొదుపు కంటే టిన్నుల ఖర్చు ఎక్కువ అవుతోందంటే ఆలోచించాలి. పైగా ఆ 55 లీటర్లలో గేదె లేదు. పాలిచ్చే గేదె ఒక్కటే రోజుకు యాభై లీటర్లకు పైనే తాగుతుంది. గేదె కోసం మనం తీసుకున్న అప్పు పుస్తకంలో ఉంది, వాయిదా ఉంది, వడ్డీ ఉంది. అది తాగే నీరు మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు.

మురుగు పద్దు

ఎవరు వాడుకున్నారన్నది ఒక లెక్కయితే, వాడాక ఎటు పోతుందన్నది రెండోది. పంట కాలువలు 1850ల్లోనే వచ్చాయి. మురుగు కాలువల సంగతి మాత్రం వందేళ్ల తర్వాత గాని గట్టిగా పట్టించుకోలేదు. 1960ల్లో మిత్రా కమిటీ డెల్టా మురుగును పరిశీలించింది. 1968లో కృష్ణా గోదావరి డెల్టాలకు డ్రైనేజి సెస్ చట్టం వచ్చింది. ఈలోగా జరిగిందేమిటంటే, పాత ఏటి పాయలే మురుగు కాలువలైపోయాయి. సప్త గోదావరుల్లోని తుల్యభాగ, కౌశిక పేర్లు ఇప్పుడు ఎక్కువగా వినపడేది డ్రెయిన్ల పేర్లుగానే. పుష్కరాలకు పెద్ద పాయల్లో స్నానాలు చేస్తాం. వీటిలో గుర్రపు డెక్క తీయమని అర్జీలు పెడతాం.

మురుగు పారకపోతే పంట మునుగుతుంది. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి పొలాలు బీడు వదిలారు. ధర గిట్టకపోవడం, ఖర్చులు పెరగడంతో పాటు మురుగు కాలువలు పూడిపోవడం కూడా వాళ్లు చెప్పిన కారణాల్లో ఉంది. రైతు విరామం ఇచ్చాడని పేపర్లలో వచ్చింది. నాట్లు లేక కూలి పోయిన ఆడవాళ్ల విరామం సంగతి అంతగా రాలేదు. ఆ ఏడు వాయిదాలు ఎందుకు తప్పాయో కోనసీమ సంఘాలకు తెలుసు.

తర్వాత చేపల, రొయ్యల చెరువులు పెరిగాయి. ఎకరం చెరువును ఐదడుగుల లోతున ఒక్కసారి నింపితే 60 లక్షల లీటర్లు. ఖాళీ చేసినప్పుడు ఆ నీరు మేతతో, మందులతో కలిసి డ్రెయిన్‌లోకి వెళుతుంది. రొయ్యల చెరువు ఉప్పు పక్క వరి చేలోకి, పక్క బావిలోకి దిగుతుంది. చెరువు పెట్టినవారి పుస్తకంలో లాభం ఒక్కటే ఉంటుంది. బావి చెడిపోయిన ఇంటి నష్టం ఆ పుస్తకంలో ఎక్కడా ఉండదు. ఈ పని మీద బతికేవాళ్లు మన సభ్యుల్లోనే వందలమంది ఉన్నారు. రొయ్యలు వలిచే షెడ్లలో పనిచేసేవాళ్లూ ఉన్నారు. కాబట్టి వద్దనడం తేలిక కాదు. లెక్క మాత్రం రెండు వైపులా రాయాలి.

కొల్లేరు చూడండి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న ఆ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరుతో పాటు డెల్టా డ్రెయిన్లూ దిగుతాయి. సముద్రానికి దారి ఉప్పుటేరు. వరదను ఆపి మెల్లగా వదలడం, మురికిని వడకట్టడం, పక్షులకు, చేపలకు చోటివ్వడం అన్నీ అది చేసేది. ఆ పనికి ఎవరూ కూలి కట్టలేదు. చెరువుల గట్లతో సరస్సు నిండిపోయింది. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాలో చేరింది, 2005–06లో అక్రమ చెరువుల గట్లు తెగ్గొట్టారు. అప్పుడు చిన్న చేపలవేట కుటుంబాలు కూడా దెబ్బతిన్నాయి. మొదటి రోజు నుంచి సరస్సు పేర ఒక పద్దు ఉండి ఉంటే అక్కడిదాకా వచ్చేది కాదని మా అభిప్రాయం.

సముద్రానికి పోయే నీరు

వరద రోజుల్లో పేపర్లలో ఒక మాట తప్పకుండా వస్తుంది. ఇన్ని టీఎంసీలు వృథాగా సముద్రం పాలు అని. అందులో కొంత నిజం ఉంది, వరదను నిల్వ చేసుకోవాలి. కానీ సముద్రంలో కలిసేదంతా వృథా అనడం నదిని సగమే చూడడం.

పులసనే తీసుకోండి. సముద్రంలో ఉండే ఆ చేప వరద తీపినీటికి ఎదురీది గోదారిలోకి వచ్చాకే ఆ రుచి. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు మనవాళ్లు. ధవళేశ్వరం దగ్గర గేట్లు దానికి అడ్డం. కింది పాయల్లో నీరు తగ్గితే దానికి దారే ఉండదు. వలకు పులస పడితే ఆ ఏడు పిల్లల ఫీజులు కట్టుకునే మత్స్యకార కుటుంబాలు ఉన్నాయి. వాళ్లకు వరద నీరు జమ.

గౌతమి మొగ దగ్గర కోరంగి మడ అడవులు ఉన్నాయి. 1978లో 235 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేశారు. మడకు ఉప్పునీరు, తీపినీరు రెండూ కలవాలి. ఆ వేళ్ల మధ్యే రొయ్యపిల్ల, పీత, చేపపిల్ల పెరుగుతాయి. ఉప్పెన వస్తే ముందు దెబ్బ తినేది మడే. 1996 నవంబరు 6న వచ్చిన తుపానులో వెయ్యిమందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప పేర్లు చెబితే ఇప్పటికీ తీరంలో ఆడవాళ్లు మౌనంగా అయిపోతారు. అలాంటి తీరంలో మడకు అందే తీపినీటిని వృథా కింద రాయగలమా?

ఇక ఒండ్రు. మన డెల్టా అంతా గోదారి మోసుకొచ్చిన మన్నే. ఎగువన డ్యాములు పెరిగే కొద్దీ ఆ మన్ను అక్కడే ఆగిపోతోంది. 1970లతో పోలిస్తే 1990లకు నది సముద్రానికి మోసే ఒండ్రు సగానికి పైగా తగ్గిందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్క చూపించారు. జమ తగ్గితే నిల్వ తరుగుతుంది. తీరంలో కోత పడుతున్నది అందుకే కూడా.

ఎగువ, దిగువ

మనం గోదారికి శివారు. మహారాష్ట్ర, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్, ఒడిశా అన్నీ వాడుకున్నాకే మనకు. ఎవరికెంత అన్న తగువు తీర్చడానికి 1969లో బచావత్ ట్రిబ్యునల్ వేశారు, 1980లో తీర్పు వచ్చింది. పోలవరం నుంచి కృష్ణాకు 80 టీఎంసీలు మళ్లించే ఏర్పాటు అందులోదే. అందులో 45 మన రాష్ట్రానికి, 35 కర్ణాటక, మహారాష్ట్రలకు. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల వచ్చింది. ఈలోగా మన దాళ్వా సీలేరు మీద ఆధారపడింది. వేసవి ముందు గోదారి సహజంగా తగ్గిపోయినప్పుడు సీలేరు విద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీటితోనే చివరి తడులు.

ఇవన్నీ రాష్ట్రాల మధ్య, డెల్టాల మధ్య లెక్కలు. నీటికి బదులు ఊళ్లు ఇచ్చినవాళ్లు ఈ లెక్కలో ఎక్కడ ఉన్నారు? పోలవరం ముంపులో ఇళ్లు, పోడు, అడవి వదిలిన వేల గిరిజన కుటుంబాల్లో మన సంఘాల అక్కచెల్లెళ్లు ఉన్నారు. వాళ్ల భూమికి ఇచ్చిన పరిహారం కూడా ఎకరాలను బట్టే. అడవిలో ఏరుకున్న చింతపండుకీ, ఊటనీటికీ ఎకరాలు ఉండవు.

బయటి దేశాల సంగతి

నీటికి లెక్క రాయడం మనతోనే మొదలవలేదు. ఈజిప్టులో నైలు నది మట్టం కొలిచే బావులు వందల ఏళ్ల కిందటే ఉన్నాయి. కైరోలోది తొమ్మిదో శతాబ్దపుది. వరద ఎంత ఎక్కిందో చూసి ఆ ఏడు పన్ను కట్టేవారు. కొలత ఎక్కడైనా ముందు పుట్టింది పన్ను కోసమే.

ఈ మధ్య కాలంలో వేరే రకం లెక్కలు వచ్చాయి. పంటలో దాగి ఉన్న నీటిని కూడా లెక్కించాలని టోనీ అలన్ అనే ఆయన చెప్పారు. ఆయనకు 2008లో స్టాక్‌హోం నీటి బహుమతి వచ్చింది. కిలో ధాన్యానికి సుమారు 2,500 లీటర్లు అంటారు. ఆ చొప్పున 75 కిలోల బస్తా వెనక లక్షా 87 వేల లీటర్లు. మన దాళ్వా బొండాలు కేరళకు వెళుతున్నాయంటే గోదారి నీళ్లు కూడా లారీ ఎక్కి వెళుతున్నట్టే. ఆస్ట్రేలియాలో 2007లో చేసిన చట్టంతో ప్రభుత్వం రైతుల దగ్గర నీటి హక్కులు కొని, నదికీ చిత్తడి నేలలకీ అని ప్రత్యేక ఖాతాలో ఉంచుతోంది. నది పేర కూడా పాస్ పుస్తకం ఉండవచ్చని ఆ దేశం చూపించింది. అక్కడా తగువులు తీరలేదు. ఖాతా ఉండబట్టి ఎవరు ఎంత తీశారో అడగగలుగుతున్నారు.

మన పుస్తకం

1982లో డ్వాక్రా మొదలైనప్పుడు, ఆ తర్వాత పదేళ్లకు బ్యాంకు లింకేజి వచ్చినప్పుడు, ఆడవాళ్లకు అప్పిస్తే తిరిగి వస్తుందా అని అడిగినవాళ్లే ఎక్కువ. బ్యాంకును ఒప్పించింది మన మాటలు కాదు, మన పుస్తకాలు. వారం వారం రాసిన పది రూపాయల పద్దులు చూసి లక్షలు ఇచ్చారు. నీటి విషయంలోనూ అదే దారి అనుకుంటున్నాం.

అందుకే వచ్చే ఏడాది ప్రతి గ్రామ సంఘం తీర్మానాల పుస్తకంలో నీటికి ఒక పేజీ పెట్టమని కోరుతున్నాం. కాలువ ఏ రోజు వదిలారు, ఏ రోజు కట్టేశారు. మంచినీళ్ల చెరువు మెట్లు ఎన్ని మునిగాయి, నెల నెలా ఎన్ని తేలాయి. ఎన్ని ఇళ్లు టిన్నులు కొన్నాయి, ఎంత ఖర్చయింది. ఏ బావి ఉప్పుతిరిగింది, ఏ డ్రెయిన్ పొంగింది. గేదెలు ఎన్ని. మెట్లు లెక్కపెట్టడానికి ఇంజనీరు అక్కర్లేదు. ఆ పేజీ నకలు గ్రామసభలోనూ, నీటి సంఘం సమావేశంలోనూ ఇద్దాం. ఓటు లేకపోయినా లెక్క చూపించే హక్కు మనకు ఉంది.

చెరువు గురించి అడిగిన మామ్మగారి ఊళ్లో ఈ పని ఇప్పటికే మొదలైంది. పుస్తకాలు రాసే ఆ అమ్మాయే రేవు మెట్లకు సున్నంతో అంకెలు వేసింది. మొదటి పద్దు మామ్మగారే చెప్పి రాయించారు. పదకొండు మెట్లలో ఆరు తేలి ఉన్నాయి. తేదీ వేసి, కింద సంఘం అధ్యక్షురాలి సంతకం, మామ్మగారి వేలిముద్ర పెట్టారు.